తప్పుల గోడ

పనిబడి తలుపు తీయగానే ఎదురుగా ఒక గోడ కనిపిస్తుంది. దాని నిండా చెడిపోయిన పనులే. కాలు వంకరపోయిన ముక్కాలిపీట, ఎంత నెట్టినా మూతపడని సొరుగు, నడుమ చీలిన గరిట, అద్దం పట్టని అద్దం చట్రం, అన్నీ మేకులకు వేలాడుతుంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళు చూసి, "ఇదేం బడండీ, బాగా చేసినవి దాచి చెడగొట్టినవి చూపిస్తారా?" అని నవ్వుతారు. అక్కడ పని నేర్చుకునే పిల్లలు మాత్రం నవ్వరు. ఇవాళ కాకపోతే రేపు వాళ్ళూ అక్కడ మేకు కొట్టాల్సినవాళ్ళే.

దాన్ని తప్పుల గోడ అంటారు. పని చెడగొట్టినవాళ్ళు తమ చేత్తోనే మేకు కొట్టి, ఆ వస్తువు తగిలించి, అందరి వైపూ తిరిగి నిలబడి ఏం చెడింది, ఎలా చెడింది పైకి చెప్పాలి. అంతసేపూ మిగతావాళ్ళు రంపాలు ఆపి వింటారు. నవ్వకూడదు, జాలిపడకూడదు, మాట అందించకూడదు. చెప్పడం అయ్యాక వడ్రంగి తాత "సరే, పనిలోకి" అంటాడు. అంతే. ఆ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తరు.

అది ఒకప్పటి పాత గిడ్డంగి. చదువు ఆగిపోయిన పిల్లల కోసం, సాయంత్రాలు వీధుల్లో ఊరికే తిరిగేవాళ్ళ కోసం ఊళ్లోవాళ్ళు తలా ఒక చెయ్యి వేసి దాన్ని బాగుచేశారు. ఒక పక్క కుట్టుపని, ఒక పక్క చెక్కపని. "చెక్క కోయడం నేర్పితే సగం పనే అయినట్టు" అంటాడు తాత. "వేళకు రావడం, వాడిన ఉలి తుడిచి పెట్టడం, ఎదుటి మనిషి కళ్ళలోకి చూసి మాట్లాడటం, చేతకానిది చేతకాదని ఒప్పుకోవడం, అది మిగతా సగం."

గువ్వకు మొదటి సగం తొందరగానే పట్టుబడింది. రెండో సగం దగ్గరే బండి కదల్లేదు.

గువ్వ అనేది ఆ పిల్ల అసలు పేరు కాదు. వచ్చిన మొదటిరోజు చెక్క నునుపు చేసే చిత్రికబల్ల పక్కన మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటే, తలుపు దాటేటప్పుడు తల వంచాల్సినంత పొడుగు కుర్రాడొకడు చూసి, "ఒరే, ఇక్కడ గువ్వ గూడు పెట్టిందిరా!" అన్నాడు. ఆ కుర్రాణ్ణి అందరూ నిచ్చెన అంటారు. అలా నిచ్చెన పెట్టిన పేరు ఆ పిల్లకు అతుక్కుపోయింది. స్కూల్లోనూ అలా ముడుచుకునే ఉండేది. జవాబు తెలిసినా చెయ్యి పైకి లేచేది కాదు. గొంతు దాకా వచ్చిన మాట అక్కడే ఉండిపోయి, ఇంటికెళ్ళాక అద్దం ముందు బయటికొచ్చేది. తప్పుల గోడ మీద వంకర సొరుగు తగిలించిన రోజున గువ్వ ఏం చెప్పిందో ఎవరికీ వినబడలేదు. తాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "గోడకి కాదమ్మా, మాకు చెప్పు" అన్నాడు. మళ్ళీ చెప్పింది. మళ్ళీ వినబడలేదు. మూడోసారికి చెమటలు పట్టాయి.

కొత్త జట్టు రాగానే తాత మొదట చేయించేది గజంబద్ద. తాత దగ్గర ఒక గజంబద్ద ఉంది. ఆయనకు పని నేర్పిన గురువు ఇచ్చింది. చేతులు రాసి రాసి నల్లగా నిగనిగలాడే టేకు కర్ర. మూలన ఒక రేకు డబ్బాలో నిలబెట్టి ఉంటుంది. పిల్లలు ఎవరికి వాళ్ళు ఒక కర్రను చిత్రిక పట్టి, దాని పక్కన పెట్టి, వెంట్రుకంత తేడా లేకుండా సమానం చేసుకోవాలి. కుదిరిందనిపించాక తాత మేకు కాల్చి, రెండు కొసల మీదా ఒక్కో నల్ల చుక్క పెడతాడు. "ఇక దీని కొస ముట్టుకున్నారంటే మీ తోలు చిత్రిక పడతాను" అంటాడు. అక్కడినుంచి ఆ పిల్లల కొలతంతా ఆ బద్దతోనే. టేపు పనిబడి గడప దాటి లోపలికి రాకూడదు. "దాని కొక్కెం ఊగుతుంది, నీ లెక్క కూడా ఊగుతుంది. కర్ర ఊగదు" అనేది తాత మాట.

ఏటా కొత్త జట్టు రావడానికి ముందు తాత తన గజంబద్దను శుభ్రం చేస్తాడు. నూనె రాస్తాడు. డబ్బాలో నిలబడి నిలబడి నలిగి, పీచులేచిన కొసను చిత్రికతో ఒక్క పట్టు పట్టి నున్నగా చేస్తాడు. ఈ ఏడు గువ్వ తన జట్టులో అందరికంటే ముందే వచ్చింది కాబట్టి అది చూసింది. ఉల్లిపొరలాంటి చిన్న రేకు లేచి చిత్రిక నోట్లోంచి రాలింది. తాత దాన్ని గువ్వ అరచేతిలో పెట్టి, "వాసన చూడు. నా గురువు వాసన" అన్నాడు. గువ్వ దాన్ని పారేయలేదు. పాత పాఠ్యపుస్తకంలో పేజీల మధ్య దాచుకుంది.

పనిబడికి ఎదురుగా, వీధికి ఆవల, ఊరి ఆసుపత్రి కడుతున్నారు. గోడలు లేపింది గువ్వ వాళ్ళ నాన్న.

నాన్న తాపీమేస్త్రి. కిందటేడు పరంజా మీదినుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది గాని కుడి చెయ్యి చాలాకాలం లేవలేదు. లేచాక కూడా ఎవరూ పనికి పిలవలేదు. "పాపం, మంచి మేస్త్రి" అనేవాళ్ళు, చనిపోయినవాళ్ళ గురించి అన్నట్టు. అప్పుడు వడ్రంగి తాతే వెళ్లి ఆసుపత్రి కట్టుబడి చూసుకునే ప్రెసిడెంటుగారితో మాట్లాడాడు. "వాడి చేతికి నేను పూచీ" అన్నాడు. అలా వచ్చిన పని అది. నాన్న ఆ గోడను రోజూ పొద్దున్నే వెళ్లి, నిద్రపోతున్న పసిపాపను చూసినట్టు చూసుకునేవాడు.

కిటికీలు మాత్రం పనిబడి పిల్లలు చేయాలని ఊరంతా అనుకున్నారు. రోగులు కూర్చునే వసారా పొడుగునా ఎనిమిది చట్రాలు ఒకే వరుస. ఒక్కోటి గజం వెడల్పు, గజంన్నర ఎత్తు. ఆ కొలతలే నాన్నకూ ఇచ్చారు, తాతకూ ఇచ్చారు. నాన్న గోడలో ఎనిమిదింటికీ కలిపి ఒకే ఖాళీ వదిలాడు. పిల్లలు చట్రాలు చేసిపెట్టారు. వాటి కమ్ముల్లో, అడ్డంవీ నిలువువీ కలిపి, సగం గువ్వ కోసినవే.

బిగించే రోజున చట్రాలను ఒక్కొక్కటే మోసుకుని వీధి దాటించారు. ఎడమ అంచునుంచి మొదలుపెట్టి ఒకదానికొకటి ఆనించుకుంటూ వచ్చారు. ఎనిమిదోది పెట్టాక నిచ్చెన వెనక్కి జరిగి చూసి, "తాతా, ఇక్కడ నా చెయ్యి పట్టేస్తోంది" అన్నాడు. నిజంగానే చట్రానికీ గోడకీ మధ్య బెత్తెడు సందు. పైన కూడా వేలు దూరేంత వెలుతురు.

తాత తన గజంబద్ద తెప్పించి ఖాళీ పొడుగునా పెట్టుకుంటూ వెళ్లాడు. చివర బెత్తెడు మిగిలింది. ఆయన ముఖం నల్లబడింది.

"ఏమయ్యా మేస్త్రీ, దేంతో కొలిచావు?"

నాన్న జేబులోంచి టేపు తీశాడు. అది పాతది. మొదటి బెత్తెడు ఎప్పుడో తెగిపోయింది. కొలిచిన ప్రతిసారీ ఆ తెగిన బెత్తెడు మనసులో కలుపుకోవాలి.

"ఇంకేం!" అన్నాడు ప్రెసిడెంటుగారు. "సరిగ్గా బెత్తెడే తేడా. కలపాల్సింది రెండుసార్లు కలిపాడు. నేను ముందే అన్నానుగా బాబాయ్, మనిషి ఇంకా తేరుకోలేదని. నువ్వే పూచీ అన్నావు."

నాన్న టేపును చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "అయ్యుండొచ్చు" అన్నాడు చివరికి. "ఈమధ్య కొన్ని మర్చిపోతున్నాను. అయ్యుండొచ్చు బాబాయ్."

"రేపు పొద్దున ఆ అంచు పగలగొట్టి, ఇటుక అల్లి ముందుకు తీసుకురా" అన్నాడు ప్రెసిడెంటుగారు. "లోపలి గదులకి వేరే మేస్త్రిని చూసుకుంటాం. ఏమీ అనుకోకు."

గువ్వకు తల కొట్టేసినట్టయింది. చట్రం వెనక నిలబడి ఉంది కాబట్టి ఎవరూ ఆ పిల్ల ముఖం చూడలేదు.

సాయంత్రం గువ్వ ఇంటికి వెళ్లేసరికి నాన్న వీధి గుమ్మం దగ్గర నిలబడి గుమ్మాన్నే కొలుస్తున్నాడు. తాను పెళ్లయిన కొత్తలో కట్టుకున్న గుమ్మం. దాని కొలత ఆయనకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. కొలిచి, పెదాలు కదిపి, మళ్ళీ కొలుస్తున్నాడు. అమ్మ లోపలినుంచి "అన్నానికి రా" అని పిలుస్తోంది.

"కలిసిందా నాన్నా?"

"కలుస్తోంది తల్లీ. ప్రతిసారీ కలుస్తోంది." ఆయన టేపు చుట్టేశాడు. "ఇక్కడ కలుస్తోంది, అక్కడెందుకు కలవలేదో. రేపు ఆ అంచు సరిచేసి తాపీ అటకెక్కించేస్తాను. రేపో మాపో ఎవరి ఇంటి పైకప్పో కూలితే ఆ పాపం నాకొద్దు."

ఆ మాటకు అమ్మ లోపల గిన్నె చప్పుడు చేయడం మానేసింది.

గువ్వ అన్నం ముందు కూర్చుంది గాని మనసు చట్రాల దగ్గరే ఉంది. నాన్న బెత్తెడు రెండుసార్లు కలిపితే పొడుగులోనూ బెత్తెడే తేడా రావాలి, ఎత్తులోనూ బెత్తెడే రావాలి. టేపు అదే కదా. కాని పైన వేలంతే ఉంది. ఎనిమిది గజాల మీద బెత్తెడు, గజంన్నర మీద వేలు. ఎక్కువ కొలిస్తే ఎక్కువ, తక్కువ కొలిస్తే తక్కువ. అంటే గజం గజానికీ ఇంత ఇంత తేడా వస్తోంది. గజమే తేడా.

ముద్ద నోటి దగ్గరే ఆగింది. గజంబద్ద తప్పెలా అవుతుంది?

చెయ్యి కడుక్కుని, తన గజంబద్ద చంకలో పెట్టుకుని పక్కవీధిలోని పిన్ని ఇంటికి వెళ్లింది. పిన్ని పనిబడి మొదటి జట్టులో పని నేర్చుకుంది. ఇప్పుడు కుట్టుమిషనుతో సంసారం లాగుతోంది. ఆమె గజంబద్ద మాత్రం ఇంకా ఇంట్లోనే ఉంది. వంటింటి కిటికీ రెక్క పడిపోకుండా దాన్నే పోటు పెట్టింది.

"ఏమే, వేళగాని వేళ! కత్తెర కావాలా, కబుర్లు కావాలా?"

"నీ బద్ద కావాలి పిన్నీ. ఒక్కసారి."

"తియ్యి తియ్యి. కిటికీ నీ నెత్తిన పడితే మీ అమ్మకి నేను జవాబు చెప్పలేను."

గువ్వ రెండు బద్దల్నీ పక్కపక్కన నేల మీద నిలబెట్టింది. పిన్నిది పైకి తేలింది. బొటనవేలి గోరంత. తలకిందులు చేసి పెట్టింది. అంతే.

"నువ్వూ పొట్టి, నీ బద్దా పొట్టి" అని నవ్వింది పిన్ని. గువ్వ నవ్వకపోయేసరికి దగ్గరకొచ్చి చూసింది. "అదేంటే? తాత పక్కన పెట్టి కళ్ళు చిట్లించుకుని చూసేవాడు. వెంట్రుకంత తేడా ఉందని నా చేత మూడు కర్రలు తగలేయించాడు. ఇదిగో చుక్కలు కూడా ఉన్నాయి చూడు, రెండు కొసలా."

ఉన్నాయి. గువ్వ బద్దకూ ఉన్నాయి. ఏదీ ఎవరూ గీకింది కాదు. పిన్ని జట్టుకీ తన జట్టుకీ మధ్య తగ్గింది మరొకటి.

అరచేతిలో ఉల్లిపొరలాంటి రేకు గుర్తుకొచ్చింది. ఏటా ఒక్క పట్టు. ఎన్ని జట్లు వచ్చాయో అన్ని పట్లు.

గువ్వ ఇంటికొచ్చి నాన్నకు చెప్పింది. చెప్పినంతసేపూ నేలనే చూస్తూ చెప్పింది. ఆయన రెండు బద్దల్నీ చేత్తో తడిమాడు.

"కిటికీ దగ్గర వానకు నాని ఉబ్బి ఉంటుందిలే."

"చెక్క వెడల్పుగా ఉబ్బుతుంది నాన్నా. నిలువుగా పెరగదు. తాతే నేర్పాడు."

నాన్న రెండు బద్దల్నీ గోడకు ఆనించాడు. "నాకు మంచం దిగే ఓపిక లేనప్పుడు ఈ ఊళ్లో నా కోసం ఒకరి గడప తొక్కిన ఒక్క మనిషి ఆయన" అన్నాడు. "ఆయన చేతిలో కర్ర పొట్టిదని చెప్పే నోరు మనకి లేదు తల్లీ. గోడే కదా, పగిలితే పగిలింది. నువ్వు ఈ మాట ఎత్తకు."

గువ్వకు ఎత్తకుండా ఉండటం బాగా తెలిసిన పనే. ఆ ఒక్క విద్యలో ఆ పిల్లను మించినవాళ్ళు లేరు.

మర్నాడు పొద్దున గువ్వ పనిబడికి వచ్చేసరికి అందరూ ఉన్నారు, ఎవరూ పని మొదలుపెట్టలేదు. తాత తన బల్ల దగ్గర ఉలి సాన పడుతున్నాడు. నిన్నటినుంచీ ఆయన ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదట. అప్పుడు వీధికి ఆవలినుంచి సుత్తి చప్పుడు మొదలైంది. ఒక దెబ్బ. కాస్త ఆగి ఇంకో దెబ్బ. చెయ్యి నొప్పి పెట్టే మనిషి కొట్టే దెబ్బలు అవి. గువ్వకు ఒక్కొక్క దెబ్బా తన వీపు మీద పడుతున్నట్టే ఉంది.

ఆ పిల్ల మేకుల డబ్బాలోంచి ఒకటి తీసుకుంది. సుత్తి తీసుకుంది. తప్పుల గోడ దగ్గరికి వెళ్లి కొట్టసాగింది.

"గువ్వా, ఏం చెడగొట్టావే? పొద్దున్నే?" అన్నాడు నిచ్చెన.

గువ్వ తన గజంబద్దను మేకుకు దారంతో వేలాడదీసింది. అందరి వైపూ తిరిగింది. కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిచ్చెన చొక్కా గుండీ మీద పెట్టుకుంది.

"ఇది నా గజంబద్ద. ఇది పొట్టిగా ఉంది." గొంతు పెగిలింది, చిన్నగానే గాని పెగిలింది. "నేను కోసిన కమ్ములన్నీ దీంతోనే కొలిచాను. అవన్నీ పొట్టివే. గోడది తప్పు కాదు. చట్రాలది."

ఎవరూ నవ్వలేదు. తాత ఉలి కింద పెట్టాడు.

"నీ బద్దకు చుక్క పెట్టింది నేను. పొట్టిదని ఎలా తెలిసింది?"

గువ్వ తాను తెచ్చి గోడకు ఆనించిన రెండో బద్దను తీసి దాని పక్కన పట్టుకుంది. "ఇది మా పిన్నిది. మొదటి జట్టులో చేసింది."

"ఏం చెడిందో చెప్పావు. ఎలా చెడిందో చెప్పలేదు" అన్నాడు తాత. అది రివాజు. ఎవరికైనా అదే అడుగుతాడు.

గువ్వ కళ్ళు మూలన ఉన్న రేకు డబ్బా వైపు వెళ్లి, వెంటనే దిగిపోయాయి. "తెలుసు తాతా. కాని నా నోట రాదు."

ఆవల సుత్తి చప్పుడు ఆగలేదు. నిచ్చెన తన బద్ద తెచ్చి గువ్వ బద్ద పక్కన పెట్టాడు. సమానం. ఇంకో పిల్ల తనది తెచ్చింది. సమానం. అప్పుడు తాత లేచి మూలకు నడిచి, తన గజంబద్ద తెచ్చి పిన్ని బద్దతో కలిపి బల్ల మీద నిలబెట్టాడు. గోరంత తక్కువ. ఆయన దాన్ని తిప్పి కొసలు చూశాడు. ఒక కొస మీద గురువు పెట్టిన పాత నల్ల చుక్క ఉంది. రెండో కొస మీద తెల్లటి, నున్నటి చెక్క. ఈ ఏడు చిత్రిక పట్టిన కొస.

ఆయన బొటనవేలితో ఆ కొసను రుద్దుతూ నిలబడిపోయాడు. చుక్క అక్కడే ఎక్కడో ఉండి ఉంటుందన్నట్టు రుద్దాడు.

ఇంకో సుత్తి దెబ్బ పడింది. తాత ఉలిక్కిపడి తలెత్తాడు. చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటాడు. పిల్లలందరూ వెనకే.

నాన్న కిటికీ ఖాళీ కుడి అంచున, కింది వరసల్లో నాలుగైదు ఇటుకలు ఊడదీశాడు. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని మళ్ళీ సుత్తి ఎత్తుతున్నాడు. తాత వెళ్లి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఆపు. గోడ సరిగ్గానే ఉంది. నా కర్ర పొట్టిది."

నాన్న సుత్తి దించాడు. కూతురి వైపు చూశాడు. అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్న ప్రెసిడెంటుగారు లేచి వచ్చాడు.

"బాబాయ్, నీ మంచితనం మాకు తెలీదా? మేస్త్రిని వెనకేసుకు రావడానికి నీ కర్ర మీద వేసుకుంటావా? ఆ కర్రతో సగం ఊరి తలుపులు చేయించావు."

"అందుకే భయమేస్తోంది" అన్నాడు తాత.

ప్రెసిడెంటుగారు నమ్మలేదు. తాత ఇంకేదో చెప్పబోయి ఆగాడు. వెనక్కి తిరిగి, "నువ్వు కొలిచి చూపించమ్మా" అన్నాడు గువ్వతో. "ఒక్కొక్క గజం పైకి చెప్పు. ఆయనకి వినబడాలి."

గువ్వ పిన్ని బద్ద పట్టుకుంది. ఇటుకలు ఊడని ఎత్తులో, ఎడమ అంచునుంచి మొదలుపెట్టింది. రెండో చివర ఎక్కడ పడుతుందో అక్కడ నిచ్చెన వేలు ఆనించాడు. "ఒకటి" అంది. ఎవరికీ వినబడలేదు. వీధిలో వెళ్తున్నవాళ్ళు ఇద్దరు ఆగి చూస్తున్నారు. గువ్వ గొంతు సవరించుకుంది. "ఒకటి!" తర్వాత రెండు. మూడు దగ్గర గొంతు బొంగురుపోయింది, నాలుగు దగ్గర మళ్ళీ కుదురుకుంది. చెప్పుకుంటూ వెళ్తుంటే చుట్టూ ఉన్నవాళ్ళు కనబడటం మానేశారు. గోడా బద్దా మాత్రమే మిగిలాయి. "ఎనిమిది" అన్నప్పుడు బద్ద కొస నాన్న కట్టిన ఇటుకకు తగిలి టక్కుమంది. సందు లేదు. గోరు దూరే సందు కూడా లేదు.

ప్రెసిడెంటుగారు తానే వంగి చూశాడు. వేలు పెట్టి చూశాడు. "ఇది మాత్రం సరైందని ఏమిటి?" అన్నాడు గాని, అప్పటికే ఆ మాటలో బలం లేదు. కుట్టు టీచరమ్మ దగ్గరినుంచి ఎవరో గజం పొడుగు ఇనుప స్కేలు పట్టుకొచ్చారు. పిన్ని బద్ద దానితో కొసకు కొస కలిసింది.

నాన్న ఇటుకల కుప్ప మీద కూర్చున్నాడు. సంతోషించినట్టు లేడు. కుడి అరచెయ్యి తెరిచి, ఎవరిదో వస్తువు దొరికినట్టు దాన్ని చూసుకుంటున్నాడు. "ఒక్కసారే కలిపాను" అన్నాడు, ఎవరితోనూ కాదు. "బెత్తెడు ఒక్కసారే కలిపాను."

తాత ఆయన పక్కన కూర్చోబోయాడు గాని కూర్చోలేదు. "నేను నీకు పూచీ ఉన్నాను" అన్నాడు. "నిన్న వీళ్ళ ముందు నిన్ను ఆ టేపు గురించి అడిగాను. నా కర్రను ఒక్కసారి చూసుకోవాలని మాత్రం తోచలేదు."

"నాకూ తోచలేదు బాబాయ్. మీ చేతిలో కర్ర కదా."

"చట్రాలన్నీ విప్పి మళ్ళీ చేస్తాం. లోపలి గదులకి మేస్త్రి ఇక్కడే ఉన్నాడు ప్రెసిడెంటూ, వేరే వెతక్కు." తాత గొంతులో పాత కరుకు కాస్త తిరిగొచ్చింది. ప్రెసిడెంటుగారు తల ఊపి, కుర్చీ మడిచి పట్టుకున్నాడు.

నాన్న లేచాడు. ఊడదీసిన ఇటుకలకు అంటిన సున్నం గీకి ఒక పక్కన పేర్చసాగాడు. గువ్వ దగ్గరికి వచ్చినప్పుడు, "ఎత్తొద్దన్నానుగా" అన్నాడు మెల్లగా. కోపంగా అనలేదు. ఆ తర్వాత, "వెళ్లి తాపీ అందుకో" అన్నాడు.

పిల్లలు పనిబడికి తిరిగొచ్చారు. దారిలో నిచ్చెన, "ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నా, మా ఇంట్లో మనం చేసిన మంచం మీద పడుకుంటే నా కాళ్ళు ఎందుకు బయటికొస్తాయా అని" అన్నాడు. ఒకరిద్దరికి నవ్వొచ్చింది. "నీకు ఏ మంచం మీదైనా వస్తాయిరా" అని ఎవరో అన్నారు. లోపల తాతను చూసి అందరూ ఊరుకున్నారు.

తాత తప్పుల గోడ ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో మేకు ఉంది. ఇన్నేళ్ళలో ఆయన ఆ గోడకు మేకు కొట్టడం ఎవరూ చూడలేదు. గువ్వ బద్ద పక్కన కొట్టాడు. మొదటి దెబ్బకు మేకు వంగింది. సరిచేసి మళ్ళీ కొట్టాడు. నల్లటి గజంబద్దకు దారం కట్టి తగిలించాడు. అందరి వైపూ తిరిగాడు.

ఎవరూ కదల్లేదు. మాట అందించకూడదు.

"ఇది నా గురువు ఇచ్చిన గజంబద్ద" అన్నాడు. "గజం కంటే తక్కువగా ఉంది. దీన్ని చూసి మీరందరూ చేసుకున్నవీ తక్కువగానే ఉన్నాయి. నిన్న దీన్ని నమ్మి ఒక మనిషి చేతిని అనుమానించాను." అక్కడ ఆగాడు. ఏం చెడిందో చెప్పాడు, ఎలా చెడిందో ఇంకా చెప్పలేదు. ఆయన పెదాలు కదిలాయి గాని మాట రాలేదు. గువ్వకు ఆ అవస్థ బాగా తెలుసు. గొంతులో ఎక్కడ అడ్డం పడుతుందో కూడా తెలుసు.

"ఏటా శుభ్రం చేశాను" అన్నాడు తాత. "బాగుండాలని."

అంతే. ఇంకేమీ లేదు. చెప్పడం అయిపోయింది.

పిల్లలు ఎదురుచూశారు. ఇప్పుడు రావాల్సిన మాట ఒకటి ఉంది. అది రాకపోతే ఎవరూ పనిలోకి వెళ్లలేరు, ఆయనా గోడ దగ్గరినుంచి కదల్లేడు. ఆ మాట అనేది ఎప్పుడూ తాతే. ఆయన తన చేతుల్ని చూసుకుంటూ అక్కడే నిలబడి ఉన్నాడు. నిచ్చెన గువ్వ వైపు చూశాడు. ఇంకో పిల్ల కూడా చూసింది. ఆవల నాన్న ఇటుక మీద తాపీ తట్టిన చప్పుడు వినిపించింది.

"సరే" అంది గువ్వ. ఈసారి అందరికీ వినబడింది. "పనిలోకి."

తాత తల ఊపి గోడ దగ్గరినుంచి పక్కకు జరిగాడు. రంపాలు లేచాయి. మొదటి పని చట్రాలు విప్పడం.